నళిని ఉమ్మేసిన మాత్ర

సర్జాపుర ఫ్లాట్‌లో రెండు నెలల పాపకు పాలిస్తూ నళిని కునికిపాట్లు పడుతోంది. అత్త కదిరమ్మ రోజులాగే మూర్ఛ మాత్ర, నీళ్లు తెచ్చి ఎదురుగా నిలబడింది. మింగేదాకా కదలదు. ఈ కాపలాతో నళినికి ప్రాణం విసిగిపోయింది.

“నాలుగు రోజులుగా నేను మింగడం లేదత్తా. మీరు అటు తిరగ్గానే ఉమ్మేస్తున్నా. నా పాలల్లోకి ఆ మందు ఎందుకు?”

“ఈ మాత్రతో బిడ్డకేం కాదు, మానేస్తేనే ప్రమాదమని డాక్టరమ్మ చెప్పింది కదమ్మా.”

“ఆమెకేం, చెప్తుంది. బిడ్డ నాది.”

కదిరమ్మ కోప్పడలేదు. పాపను మెల్లగా తన ఒడిలోకి తీసుకుని మంచం మీద కూర్చుంది.

“అప్పట్లో నాకూ మూర్ఛ వస్తా ఉండె. పాలు చెడతాయని ఎవరో అంటే నేనూ మాత్రలు మానేసినా. పాలిస్తా ఉండంగానే వచ్చింది. తెలివొచ్చేసరికి బిడ్డ నా కింద ఉండాడు.”

నళిని తలెత్తింది. “మా ఆయనా?”

“కాదు. వానికి ముందోడు.”

నళిని మాత్ర అందుకుని మింగింది. నోరు తెరిచి చూపించబోతే కదిరమ్మ వద్దంది.

“ఆ బాబు పేరేంటత్తా?”

“ఇంకా పెట్టుండ్లేదమ్మా.”