రెండు పక్కలా పచ్చే

"ఏందయ్యా గిది? జెండా గిట్ల కుడ్తరా?"

దశరథం అరుపుకు మెట్‌పల్లి ఖద్దరు బజారంతా తిరిగి చూసింది.

అతని చేతిలో జెండా. పైన ఆకుపచ్చ, మధ్యలో చక్రం వేసిన తెలుపు, కింద మళ్ళీ ఆకుపచ్చే. ఇంకోటి విప్పాడు. దానికి రెండు పక్కలా కాషాయమే.

తెల్లారితే ఊరేగింపు. పాకిస్తాన్ యుద్ధంలో గెలిచి తమ్ముడు దేవదాస్ ఇంటికి వస్తున్నాడు. ఊరందరి చేతికీ జెండా ఇస్తానని మాటిచ్చింది దశరథమే. ఇప్పుడు పరువు పోతే పోయేదీ అతనిదే, అదీ తమ్ముడి ముందు.

జెండాలు కుట్టిన సర్దార్ తల వంచుకుని నిలబడ్డాడు. నెల కింద ఇచ్చోడ దిక్కు నుంచి కుంటుకుంటూ వచ్చి, దశరథం ఇంటి ముందరి ఖద్దరు కొట్టులో పని అడిగిన మనిషి. ధోవతుల అంచులు చక్కగా కుట్టేవాడు. జెండాలకైతే దశరథం భార్య బాలవ్వ పక్కన కూర్చుని ఒక్కో రంగు గుడ్డా అందించేది. ఇవాళ మరిదికి గారెలు చేయాలని ఆమె పొయ్యి దగ్గరే ఉండిపోయింది.

"కండ్లు కనబడయా నీకు?"

"కనబడ్తయి సేట్. కానీ గీ రెండు రంగులు నాకు ఒక్కతీరే అగుపడ్తయి."

"మామిడిపండుకు, మామిడాకుకు ఫరక్ తెల్వదా?"

"ముట్టుకుంటే తెలుస్తది."

చుట్టూ చేరినవాళ్ళు పక్కున నవ్వారు.

కోపానికి కళ్ళుండవంటారు. ఆ పూట దశరథానికి చెవులు కూడా లేవు. ఆ పచ్చ జెండాను చూస్తున్నకొద్దీ అతని మనసులో అనుమానం పురుగులా తొలిచింది.

"తెల్వక కుట్టినవా, తెలిసే కుట్టినవా? గీ పచ్చ ఎవ్వల జెండాదో నాకెరుకే."

నవ్వులు ఆగిపోయాయి. సర్దార్ మొహం పాలిపోయింది.

"గా మాట అనకు సేట్. ఇంకేమన్న అను."

"అనేదేం లేదు. నడువు ఈడికెల్లి!"

సర్దార్ సూదిని గుడ్డకు గుచ్చి, కండువా దులుపుకుని బస్టాండు వైపు నడిచాడు.

"అయ్యో, గంత మాట అనొచ్చునా!" అంటూ బాలవ్వ చేతి పిండి కూడా కడుక్కోకుండా ఉరికొచ్చింది. అప్పటికే బస్సు కదిలింది. చేసేదేం లేక ఇరుగుపొరుగు ఆడవాళ్ళను పిలిచి జెండాలన్నీ విప్పి మళ్ళీ కుట్టింది.

మర్నాడు ఊరు ఊరంతా రోడ్డు మీదే ఉంది. డప్పులు మోగుతున్నాయి. లారీ మీద దేవదాస్, మెడ నిండా బంతిపూలు. ఎటు చూసినా తన ఇంట్లో కుట్టిన జెండాలే ఎగురుతుంటే దశరథానికి ఛాతీ ఉబ్బిపోయింది.

"దేవదాస్‌కు జై!"

దేవదాస్ చెయ్యెత్తి ఆపాడు.

"నాకు కాదు! చెరుకుతోటల దుష్మన్ ట్యాంకులు దాగినయి. పైన పచ్చ వలలు కప్పిన్రు. మాకెవ్వలకు కనబడలే. మాకు రొట్టెలు తెచ్చిన వంటాయన కనిపెట్టిండు. మేమే ముందుగాల కాల్చినం, అందరం బతికినం. కొడ్తే ఆయనకు జై కొట్టుండ్రి!"

"జై!"

ఆకాశం దద్దరిల్లింది. అందరికంటే పెద్ద గొంతు దశరథానిదే. తమ్ముణ్ణి బతికించిన ఆ మనిషి కనబడితే కాళ్ళు కడిగి నెత్తిన చల్లుకుంటాననుకున్నాడు. సంతోషం పట్టలేక ఏడ్చేశాడు కూడా.

లారీ దిగగానే తమ్ముణ్ణి వాటేసుకున్నాడు.

"ఎవల్రా గా మారాజు? గద్ద కండ్లా ఆయనకు?"

దేవదాస్ నవ్వాడు.

"కాదన్నా, ఆయనకు రంగులే తెల్వయి. మమ్ముల పచ్చరంగు మోసం చేసింది. ఆయన రంగు చూడడు గద, ఆకు ఆకు లెక్క, వల వల లెక్క కనబడ్డది."

దశరథం చేతులు సడలిపోయాయి.

"కాలికి తూటా తగిలి నౌకరీ పోయింది. మా అన్న దగ్గరికి పో, నా పేరు చెప్పుమని నేనే చెప్పిన. సిఫారసు వద్దు, నా పని చూసే పెట్టుకోనీ అన్నడు."

దేవదాస్ మెడలోని దండ తీసి రెండు చేతులా పట్టుకుని, గుంపంతా కలియజూశాడు.

"సర్దార్ భాయి ఏడి, అన్నా?"