అత్తరు దూది

తాగొచ్చి పెళ్లాన్ని కొట్టే ప్రతి రాత్రీ సమీవుల్లా చెవి మడతలో అత్తరు దూది ఉండేది, సారా కంపు ఊరికి తెలియకుండా. అందుకే అతను చచ్చినప్పుడు పెళ్లాం పీరాంబీ శవానికి చుట్టే కఫన్ గుడ్డకు అత్తరు పూయనివ్వలేదు.

"ఈనికి అత్తరొకటి తక్కువైందా? అట్లే పోనీ," అంది.

అయినా శిరివెళ్లలోని ఆ ఇంట్లో చీకటి పడితే చాలు, అదే వాసన. అతని బట్టలు పంచేసింది. గోడలకు సున్నం కొట్టించింది. పోలేదు.

"బట్టల పెట్టె పీల్చుకోని ఉంటాది ఆపా. మనిషి పోయినా చెక్క ఇడ్సదు," అన్నాడు వడ్రంగి పని చేసే తమ్ముడు గఫార్.

ఆ రాత్రే ఆ పెట్టెను వాకిట్లోకి ఈడ్చి నిప్పు పెట్టింది.

"సచ్చినా నన్ను ఇడ్సవా? యాడికన్నా పో!" అని మంటలో ఉమ్మింది.

పెట్టె బూడిదైంది. చిటపటలు ఆగిపోయాయి. వీధిలో కుక్క కూడా మొరగలేదు. అప్పుడు గుప్పుమంది అత్తరు, ఆరుబయటే.

దొడ్లోకి పోయింది. అక్కడా అంతే. కోపంతో ఒళ్లు మండిపోయి, చెమట తుడుచుకోవడానికి కొంగు చెవి మీదుగా లాగింది. చెవి మడతలో వేలికి ఏదో మెత్తగా తగిలింది.

దూది. ఇంకా తడిగానే ఉంది.