దిగొద్దన్న మాట

“మళ్ళీ విమానం నడుపుతావా?” గుమ్మంలోనే నిలదీసింది, కూలిన విమానంలో చనిపోయిన కోపైలట్ తల్లి.

ఆ విమానాన్ని నడిపి ప్రాణాలతో బయటపడి, తిరిగి డ్యూటీలో చేరడానికి యూనిఫాం గుండీలు పెట్టుకుంటున్న మా అల్లుడు తలెత్తలేదు. ఇతనెగిరితే మబ్బులు లేచి దారిస్తాయని ఊరంతా కోతలు కోసిన మామగారిని నేనే.

“తప్పంతా పొగమంచుదేనని విచారణలో తేల్చారమ్మా,” అన్నాడు అల్లుడు.

“మావాడికి భయమెక్కువ. ఆ మంచులో దిగొద్దని చెప్పే ఉంటాడు.”

“చెప్పాడు. నా అనుభవమంత లేదు వాడి వయసు!”

“పెద్దావిడ మాట్లాడుతోంది, కాస్త వినండి,” అంది మా అమ్మాయి.

“నువ్వు నోర్మూసుకో!”

ఆవిడ అతని దగ్గరకొచ్చింది. “మావాడితోనూ ఇలాగే అన్నావా?”

గుండీ మీది వేళ్ళు ఆగిపోయాయి.

“ఈ మాటే అన్నాను.”

మా అమ్మాయి ఫోన్ తీసి అతని మీదికి విసిరింది.

“ఇక నడపనని ఆఫీసుకు మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?”