ఉలవబోడు ఆకాశరామన్న

సాయంత్రం ఐదులోపు ఉలవబోడులో ఒక్క మనిషైనా కనిపించకపోతే, రికార్డుల్లో ఆ ఊరు చచ్చిపోతుంది.

రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ ఉపేంద్ర వాచీ చూసుకున్నాడు. నాలుగుంబావు. కప్పులు కూలిన నాపరాళ్ల ఇళ్ల మధ్య నిలబడి గొంతు చించుకున్నాడు.

"మామ్మా! ఖాతూన్ బీ మామ్మా!"

ఊరు మొత్తానికి తలుపున్న ఇల్లు ఒక్కటే. అది బార్లా తీసి ఉంది. పొయ్యి ఇంకా వెచ్చగా ఉంది. పక్కన కడిగి బోర్లించిన గ్లాసులు రెండు. మనిషి లేదు.

జేబులోంచి పోస్టుకార్డు మళ్లీ తీశాడు.

'అయ్యా, ఉలవబోడులో ఎవరూ లేరు. విచారణ చేయించగలరు.'

కింద పేరు లేదు. గుండ్రటి రాత, ఒక్క తప్పు లేదు. ఏటా ఇలాంటి కార్డు ఒకటి ఆఫీసుకి వస్తుంది. ఏటా ఎవరో ఒకరు వచ్చి, ముసలామె ఉందని రాసుకుని పోతారు. ఈసారి అలా కాదు. రీసర్వే జాబితా ఇవాళ మూసేస్తున్నారు. మనిషి లేదంటే 'బేచిరాకు' అని రాసేస్తారు. దీపం పెట్టే దిక్కు లేని ఊరని అర్థం. ఆపైన పొలిమేర చెరిపేసి పక్క ఊళ్లో కలిపేస్తారు.

"ఇటొచ్చావా నాయనా! నేను రోడ్డు కాడ కూచున్నా. నువ్వేమో డొంక దారిన పడ్డావు."

కర్ర పొడుచుకుంటూ, రొప్పుతూ వస్తోంది ఖాతూన్ బీ.

ఉపేంద్రకి ప్రాణం లేచొచ్చింది. "నేనొస్తున్నానని నీకెవరు చెప్పారు మామ్మా?"

"శనగ పూతకొచ్చేటప్పుడేగా ఏటా మీరొచ్చేది!"

ఆమెని గుమ్మంలో నిలబెట్టి ఫొటో తీశాడు. రాతిగుట్ట ఎక్కితే గానీ సిగ్నల్ రాలేదు. నాలుగూ నలభైకి ఫొటో వెళ్లింది. ఊరు బతికింది.

"ఇంకో ఇరవై నిమిషాలు నువ్వు కనపడకపోతే ఉలవబోడు అనే పేరే ఉండేది కాదు," అన్నాడు దిగొచ్చి.

ఖాతూన్ బీ మొహంలో నెత్తురు చుక్క లేదు. "అంత పనయ్యేదా!" అంటూ గోడ పట్టుకుంది.

కాసేపటికి తేరుకుని అతన్ని ఊరంతా తిప్పింది.

"ఇది జాన్ సాహెబ్ కొలిమి. మాచర్ల దాకా ఆయన కొడవళ్లే. ఇది సాల్మన్ రాజు మాస్టారి బడి. పిల్లలు చాలటం లేదని పెళ్లయిన మమ్మల్ని గూడా కూచోబెట్టి దిద్దించాడు. ఒత్తు తప్పితే బెత్తమే. చానా కోపిష్టి."

"వీళ్లంతా ఏమయ్యారు?"

"బోర్లు ఎండినాయి. ఒక్కో బండి ఒక్కో ఊరికి పోయింది. నాకు బండి లేదు," అని నవ్వింది.

టీ పెట్టింది. పకోడీ వేసింది.

"మూడేళ్ల కింద మీ ఆఫీసు నుంచి మన్సూర్ గారొచ్చారు. అచ్చం మా తమ్ముడి పోలిక. పోయినేడు సాయిసుధమ్మ. ఆ పిల్ల పకోడీ పొట్లం కట్టించుకుని మరీ పోయింది. నీకు పిల్లలెంతమంది నాయనా?"

అతను స్టేట్‌మెంట్ రాస్తూనే అన్నిటికీ జవాబు చెప్పాడు. రాయడం అయ్యాక పెన్ను అందించాడు. "సంతకం పెట్టు మామ్మా."

ఆమె పెన్ను అందుకోలేదు. "వేలిముద్ర వేస్తాలే."

"ఇక నీకీ బాధ ఉండదు. ఆ ఆకాశరామన్న ఎవరో కనిపెట్టా. రోడ్డు మీద కిరాణాకొట్టు సీతారామాంజనేయులు. ఇక్కడ క్వారీకి అర్జీ పెట్టుకున్నాడు. ఊరు లేకపోతే అడ్డు చెప్పేవాళ్లుండరుగా! ఇప్పుడే పోయి స్టేషన్లో కేసు పెడతా. వచ్చే ఏడు నుంచి కార్డూ ఉండదు, విచారణా ఉండదు."

"ఉండదా?"

"ఫైలు మూసేస్తాం."

"మరి... ఎవరూ రారా?"

"ఎందుకొస్తారు? నువ్వు ప్రశాంతంగా ఉండొచ్చు."

ఆమె ఖాళీ గ్లాసులు రెండూ దగ్గరికి లాక్కుంది.

ఉపేంద్ర బండి స్టార్ట్ చేశాడు. ఆమె గబగబా వచ్చి హ్యాండిల్ పట్టుకుంది.

"ఆ శెట్టిగారినేం అనబాకు. ఆయనకేం తెలవదు."

"జాలిపడబాకు మామ్మా! ఊరినే చంపబోయాడు. ఆయన కాకపోతే ఇంకెవరు? పేరు చెప్పు, వదిలేస్తా."

అతను ఇంజన్ ఆపాడు.

"ఖాతూన్ బీ," అందామె, "ఎవరూ లేరని రాస్తేనేగా నాయనా, ఎవరో ఒకరు వచ్చేది."