తాడు కింది కొస

"నా తాడు నువ్వు పట్టుకో," అంది కాలేజీలో బండలెక్కడం నేర్పే మేడమ్, క్లాసంతా ఉండగా నన్నే పిలిచి.

ఆవిడ ఒకప్పుడు మా వదిన. జారితే ఆపడానికి కింద ఆవిడ తాడు పట్టుకున్న రోజే మా అన్నయ్య ఈ బండ మీంచి పడి, నడుం విరిగి మంచాన పడ్డాడు. ఆ తర్వాత ఆవిడ మా గడప తొక్కలేదు. నేనీ క్లాసులో చేరింది బండలెక్కడానికి కాదు.

కొరివితో తల గోక్కుంటోంది అనుకున్నాను.

ఆవిడ ఎక్కుతోంది. నా చేతుల్లోంచి తాడు పైకి పాకుతోంది. వెనక అమ్మాయిలు దేనికో పగలబడి నవ్వారు. ఎవరో నన్ను పేరు పెట్టి పిలిచారు. నేను తల తిప్పలేదు. ఆవిడ కాలు ఎక్కడ జారుతుందా అని కాచుకుని ఉన్నాను.

జారింది. వదిలేద్దామనుకున్న చెయ్యి ఎప్పుడు బిగుసుకుందో నాకే తెలీదు.

"దించు," అంది గాల్లో వేలాడుతూ.

"మా అన్నయ్య ఎలా పడ్డాడో అందరికీ చెప్పండి వదినా. అప్పటిదాకా వేలాడండి."

ఆవిడ కంగారు పడలేదు.

"ఎవరో పిలిస్తే తల తిప్పాను. అంతే. మొగుడే కదా, ఎన్నిసార్లు ఎక్కలేదు అనుకున్నాను. ఇందాక నిన్నూ పిలిచారు, నువ్వు తిప్పలేదు. తిప్పవని తెలిసే నీకిచ్చాను తాడు. ప్రేమున్నవాళ్ళు ఏమరుపాటు పడతారు గానీ, పగున్నవాళ్ళు పడరమ్మా."

దించక తప్పలేదు. ఇన్నాళ్ళూ పాలుపోసి పెంచుకున్న నా పగని, ఆవిడ తన ప్రాణానికి జీతం లేని కాపలా పెట్టుకుంది.