వెనక గేటు

"ఫెయిల్," అన్నాడు ఇన్‌స్పెక్టరు, తనిఖీ కేంద్రంలో బండి వంక రెండోసారి చూడకుండానే.

"ఫెయిలా! ఎందుకు సార్? నిన్ననే శుభ్రంగా కడిగి, తుడిచి మరీ తెచ్చానండీ!"

"కడిగితే లైటు వెలుగుతుందా? బ్రేక్ నొక్కి వెనక్కి చూడు."

నొక్కాడు. వెలగలేదు. మళ్లీ నొక్కాడు. ఊహుఁ.

"బల్బు మాడిపోయింది. గేటు మూసేలోపు మార్చుకొస్తే మళ్లీ చూస్తా. లేదంటే వచ్చే వారమే."

వచ్చే వారందాకా ఆగితే అతని బతుకు బస్టాండే!

మందులు ఇంటింటికీ చేరవేసే కంపెనీలో ఒక్కటంటే ఒక్క ఉద్యోగం ఉంది. వడపోతలన్నీ అయ్యాక ఇద్దరు మిగిలారు. సొంత బండి ఉండాలి, అది తనిఖీలో పాసైనట్టు కాగితం ఉండాలి, ఆ కాగితం ఇవాళ మధ్యాహ్నంలోపు మేనేజరు చేతిలో పడాలి. అతను పని లేకుండా కూర్చుని నెలలు గడిచాయి. ఇంట్లో పాలడబ్బా అడుగంటింది.

బండి తోసుకుంటూ బయటికొచ్చి చూస్తే, ఎదురుగా ఉన్న ఒకే ఒక్క స్పేర్‌పార్ట్స్ కొట్టు షట్టరు దించి ఉంది.

"చచ్చాంరా దేవుడా!" అంటూ నెత్తిన చేతులు పెట్టుకున్నాడు.

"ఏమైంది అబ్బాయ్?"

పొద్దున్నుంచీ వరుసలో అతని వెనక నిలబడ్డ పెద్దాయన. ఇద్దరిదీ ఒకే రకం బండి, ఆయనది ఇంకాస్త ముసలిది. నిలబడీ నిలబడీ తోచక అతను ఆయనకి తన రామాయణమంతా చెప్పేశాడు. మందుల కంపెనీ సంగతి, చంటిబిడ్డ సంగతి, చివరికి పోటీకొచ్చినవాడి సంగతీ.

"ఆ రెండోవాడికి అనుభవం ఉందట బాబాయ్. ఇద్దరం కాగితం తెస్తే ఉద్యోగం వాడికేనట. అందుకే వాడి బండి ఫెయిలవ్వాలని దండం పెట్టుకుని మరీ బయల్దేరా!" అని కూడా అన్నాడు.

పెద్దాయన నవ్వాడు. "పాపం, వాడికీ ఓ ఇల్లూ వాకిలీ ఉంటాయి కదయ్యా."

ఇప్పుడు బల్బు సంగతి విని, "ఓస్, ఇంతేనా!" అన్నాడు.

స్క్రూడ్రైవరు తీసి తన బండి వెనక లైటు విప్పాడు. బల్బు ఊడదీసి అతని బండికి బిగించాడు. బ్రేక్ నొక్కితే ఎర్రగా వెలిగింది.

"మరి మీ బండి బాబాయ్?"

"ముందు నువ్వు చూపించుకో. పాసవగానే తెచ్చిచ్చెయ్. గేటు మూసేలోపు రావాలి సుమా, నాకూ ఇవాళే కావాలి."

"మీ మేలు చచ్చినా మర్చిపోను. ఇలా వెళ్లి అలా వచ్చేస్తా!"

ఈసారి ఇన్‌స్పెక్టరు కాగితం మీద ముద్ర గుద్దాడు.

"ఇక్కడ ఆగొద్దు. వెనక గేటు నుంచి పో."

అక్కడి పద్ధతే అంత. ఫెయిలైతే ముందు గేటు నుంచే వెనక్కి, పాసైతే వెనక గేటు నుంచి బయటికి. పాసైన బండిని వచ్చిన దారినే వెనక్కి రానివ్వరు. ముందుకి రావాలంటే ఆ పొడవాటి గోడ చుట్టూ తిరగాల్సిందే.

వెనక గేటు దాటి ఆగాడు. ఎడమకి తిరిగితే పెద్దాయన. కుడికి తిరిగితే కంపెనీ. గడియారం చూసుకుంటే మధ్యాహ్నం దగ్గరపడుతోంది.

"చిన్న బల్బే కదా. ఎక్కడో అక్కడ దొరక్కపోదు," అని తనకి తనే చెప్పుకున్నాడు.

కొట్టు మూసి ఉందని అతనికి తెలియదా? తెలుసు. అయినా కుడికే తిప్పాడు. ఏరు దాటాక తెప్ప తగలేయడమంటే ఇదే మరి.

దారిపొడవునా బ్రేక్ నొక్కాలంటే సిగ్గేసింది. నొక్కినప్పుడల్లా వెనక వెలిగేది ఆయన బల్బే.

మేనేజరు కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు.

"శభాష్. కూర్చో. గడువయ్యేదాకా రెండో ఆయన కోసం కూడా చూడాలిగా."

అతను కూర్చోలేకపోయాడు. "సార్, ఒక్కసారి వెళ్లొస్తా. ఒకాయనకి ఒక వస్తువు తిరిగివ్వాలి."

"ఇప్పుడా? నువ్వటు వెళ్లాక ఆయనొచ్చి కూర్చుంటే నన్నేం చెయ్యమంటావ్? ఆపైన నీ ఇష్టం."

మళ్లీ కుర్చీలోనే కూలబడ్డాడు.

దొంగకి తేలు కుట్టినట్టుంది అతని పని. పైకి చెప్పలేడు, లోపల ఓర్చుకోలేడు. పెద్దాయన మెడ చాచి రోడ్డు వంకే చూస్తుంటాడు. ఈపాటికి తిట్టుకుంటుంటాడు. తిట్టుకోనీ, తిట్టాల్సిందే. ఛీ, ఏం మనిషిని నేను! రేపే వెతికి పట్టుకుని కాళ్ల మీద పడాలి అనుకున్నాడు. తీరా ఆయన పేరైనా అడగలేదని అప్పుడు గుర్తొచ్చింది.

ఫోను మోగింది.

"ఆఁ, చెప్పండి... అయ్యయ్యో... అలాగా... సరే, మీరింతగా చెప్తున్నారు కాబట్టి అలాగే చేస్తా," అని మేనేజరు పెట్టేశాడు.

"నీ పంట పండిందయ్యా. రెండో ఆయన రావట్లేదు. బండి ఫెయిలయిందట."

పెట్టుకున్న దండం ఫలించింది! అంత సిగ్గులోనూ అతని మొహం విప్పారింది. విప్పారినందుకు మళ్లీ తనమీద తనకే రోతపుట్టింది.

"పాపం... ఏమైందట సార్ బండికి?"

"అడిగినా చెప్పలేదు," అన్నాడు మేనేజరు సంతకం పెడుతూ. "నువ్వొచ్చావా లేదా అని మాత్రం రెండుసార్లు అడిగి, వచ్చావనగానే, 'హమ్మయ్య, ఎంతకీ తిరిగి రాకపోతే దారిలో ఏ లారీ కిందన్నా పడ్డాడేమోనని గేటు దగ్గరే నిలబడి హడలిపోతున్నా సార్, చంటిబిడ్డ తండ్రి, ఉద్యోగం ఆ అబ్బాయికే ఇచ్చెయ్యండి' అన్నాడు."