పిడి మీద అల్లిక

చేప పొట్ట చీలుస్తున్న కత్తి ముసలావిడ చేతిలోంచి జారి, ఫార్కర్ బూటుకి వెంట్రుకవాసి దూరంలో చెక్కనేలలో దిగబడింది.

ఫార్కర్ చేతిలో కెటిల్ తొణికింది.

"ఏం చేస్తున్నావమ్మా నువ్వు!"

"చేప బాగుచేస్తున్నా," ఆవిడ తాపీగా అంది. "జెట్టీ దగ్గర ఇప్పుడే కొన్నా. వాన తగ్గేదాకా ఊరికే కూచోడమెందుకని."

"అది చేపలు కోసే కత్తి కాదు! స్కియన్ డూ! రేపు పోటీకి పెట్టాల్సింది!"

"మరి దాంతో ఏం కోస్తారు?"

"ఏమీ కొయ్యరు! పండక్కి కిల్టు కట్టినప్పుడు మేజోట్లో దోపుకుంటారు. అంతే!"

"ఈ మాట మీ ముత్తాత వింటే ఏమనేవాడో," అంటూ ఆవిడ పొలుసులంటిన చేతులు కోటుకి తుడుచుకుంది.

ఫార్కర్‌కి ఒళ్లు మండిపోయింది. ముక్కూమొహం తెలీని మనిషిని, వానలో తడుస్తోంది కదా అని పెరటి షెడ్డులోకి రానివ్వడం తనదే తప్పు. టీ పెడదామని అటు తిరిగాడో లేదో, బల్ల మీది కత్తి తీసేసుకుంది.

చలికాలమంతా కూర్చుని చేసిన కత్తి అది. అరిగిన ఉక్కు ఆకురాయిని కొలిమిలో కాల్చి, సాగగొట్టి అలుగు తీశాడు. పీట్ బురదనేల అడుగున ఎన్ని తరాలుగానో నాని నల్లబడ్డ ఓక్ కర్రతో పిడి చేశాడు. దాని మీద బుట్టల్లిక గీతలు చెక్కి, అద్దంలా మెరిసేలా వార్నిష్ పట్టించాడు.

అంతా ఒక్క మనిషిని ఓడించడానికి.

ఎ. గిలాండర్స్, లూయిస్ దీవి.

ఏటా ఆటల పండగలో జరిగే కత్తుల పోటీకి పడవ మీద ఓ పెట్టె వస్తుంది. అందులో ఓ కత్తి. మొదటి బహుమతిని వెంటేసుకుని ఆ పెట్టె వెనక్కి పోతుంది. రెండో స్థానం ఫార్కర్ మెక్‌రేది. ఆ గిలాండర్స్ మొహం ఈ ఊళ్లో చూసినవాళ్లు లేరు.

"నిద్దట్లో కూడా వాడి పేరేనా? నా పేరెప్పుడన్నా కలవరించావా?" అని పెళ్లాం ఎఫీ దెప్పుతూనే ఉంటుంది.

ముసలావిడ కీళ్లు బిగుసుకుపోయిన రెండు చేతులా పట్టి నేలలోంచి కత్తి పెకలించింది.

"అలుగు బ్రహ్మాండం అబ్బాయ్. చేపకి తెలీకుండా దిగింది. పిడి దగ్గరే..."

"పిడికేం వచ్చింది?"

"తడి చేతికి నిలవదు."

"నిలవంది నీ చెయ్యి. పిడి కాదు."

అనేశాక తనకే చివుక్కుమంది. ఆవిడ మాత్రం నవ్వింది.

"నా చెయ్యి సంగతి నాకు తెలుసులే. నీ చెయ్యి తడిపి పట్టుకుని చూడు. ఆ అల్లిక అందానికి పుట్టింది కాదు నాయనా. వానలో, నెత్తుట్లో, చేప జిడ్డులో పట్టు తప్పకూడదని పుట్టింది. నువ్వేమో గీతల్ని వార్నిష్‌తో పూడ్చేశావు. గీకెయ్. లోతుగా చెక్కు. నీ మణికట్టులో బలముంది."

"పోటీ రేపమ్మా! ఇప్పుడు ఉలి పెట్టి, కర్ర పగిలిందంటే నా గతేం కాను?"

"పెట్టకపోతే చక్కటి బొమ్మ మిగులుతుంది. నీ ఇష్టం."

వాన వెలిసింది. ఆవిడ చేపని కాగితంలో చుట్టుకుని వెళ్లిపోయింది. పేరేమిటని అడగాలని కూడా ఫార్కర్‌కి తోచలేదు.

తలుపు మూశాడు. ఎవరూ చూడ్డంలేదని రూఢి చేసుకున్నాడు. చెయ్యి తడిపి కత్తి పట్టుకున్నాడు.

సబ్బుబిళ్లలా జారింది.

"ముసల్దానికి నోరెక్కువే గానీ..." అని గొణుక్కుంటూ ఉలి తీశాడు.

వార్నిష్ గీకాడు. గీత గీతనీ తిరగదోడాడు. ఒకచోట కర్ర చిట్లిన చప్పుడైంది. ఉలి ఆపాడు. సన్నటి పెచ్చు లేచి ఊడిపడింది. పిడి నిలిచింది. ఫార్కర్ చొక్కాచేత్తో నుదురు తుడుచుకుని, మళ్లీ ఉలి ఆనించాడు.

మర్నాడు తీర్పు ఎప్పట్లాగే గుడారం తెర దించి లోపల చేశారు. లోపల ఏం చూస్తారో ఫార్కర్ ఏనాడూ అడగలేదు. తెర ఎత్తేసరికి న్యాయనిర్ణేత చొక్కాచేతులు మోచేతులదాకా తడిసి ఉన్నాయి.

"తడి చేత్తో పడవమోకు కోసి చూశాం," అన్నాడాయన. "వేళ్లకి అతుక్కుపోయిన పిడి ఒక్కటే. మొదటి బహుమతి, ఫార్కర్ మెక్‌రే!"

గుడారం హోరెత్తింది.

"రెండోది గిలాండర్స్. అలుగు ఎప్పట్లాగే అద్భుతం. చెక్కుడే ఈసారి లోతు తగ్గింది. అన్నట్టు, ఈ ఏడు గిలాండర్స్ కూడా ఇక్కడే ఉన్నారు."

బయట బ్యాగ్‌పైపులు మోగాయి. నలుగురు కలిసి ఫార్కర్‌ని భుజాల మీదికెత్తారు. ఎవరో విస్కీ అందించారు. బహుమతి కప్పు నెత్తిన పెట్టుకుని నవ్వుతుంటే, జనం చివర్న నిన్నటి ముసలావిడ కనిపించింది. అందరికంటే గట్టిగా చప్పట్లు కొడుతోంది. పడవరేవుకెళ్లే బస్సు ఆగింది. ఆవిడ ఎక్కుతూ మెట్టు మీదినుంచి అతనికి చెయ్యి ఊపింది.

దిగి వెళ్లి ఓ మాట చెప్పాలనుకున్నాడు.

'అదెంతసేపు! ముందు ఆ గిలాండర్స్‌గాడి మొహం చూడాలి.'

బస్సు మలుపు తిరిగింది.

పోటీకొచ్చిన కత్తుల్ని పొద్దున్నే అందుకుని, తెచ్చినవాళ్ల పేర్లు రాసుకున్నది ఎఫీయే. ఫార్కర్ కప్పుతో సహా పరిగెత్తాడు.

"ఏడే వాడు? ఆ గిలాండర్స్‌గాడేడీ? ఇన్నేళ్ల ముచ్చట, ఓసారి చూపించు!"

ఎఫీ అతన్ని ఎగాదిగా చూసింది.

"వాడేమిటయ్యా, ఇప్పుడే నీకు చెయ్యూపి బస్సెక్కిందే, ఆవిడే అనాబెల్ గిలాండర్స్."